గాల్లో గంటలు.. గట్టుపై నెలలు

నంద్యాల, ఆళ్లగడ్డ: ఊరి మీదుగా డ్రోన్ ఒక పూట తిరిగి దిగిపోతే భూముల కొలత ముగిసినట్టేనన్న అభిప్రాయం పల్లెల్లో బలంగా నాటుకుపోయింది. రీసర్వేకు తొలుత నిర్దేశించిన గడువులు సైతం ఇదే అంచనాతో ఖరారు చేసినట్లు కనిపిస్తాయి. వాస్తవం ఇందుకు పూర్తిగా భిన్నం. ఆకాశం నుంచి తీసిన ఛాయాచిత్రాలతో భూమి పటం తయారు చేసే ప్రక్రియలో గాల్లో జరిగే పని అతి స్వల్పం. మిగిలిన పని కొంత కంప్యూటర్ల ముందు, అధిక భాగం చేని గట్ల మీద మనుషులు చేయాల్సిందే. ఆ మనుషులకు ఇవ్వాల్సిన రోజులను కుదించిన ప్రతిసారీ తేడా రైతు పాసుపుస్తకంలో తేలుతోంది.

రాష్ట్రంలో భూముల రీసర్వే 2020 డిసెంబరు 21న నాటి కృష్ణా జిల్లా జగ్గయ్యపేట మండలం తక్కెళ్లపాడులో మొదలైంది. భారత సర్వే సంస్థ సాంకేతిక సహకారం, 70 బేస్ స్టేషన్లు, 4,500 సర్వే బృందాలతో మూడు విడతల్లో 2023 నాటికి పని ముగించాలన్నది అప్పటి లక్ష్యం. డ్రోన్లతో పాటు విమానాలనూ రంగంలోకి దించారు. 2024లో ప్రభుత్వం మారే నాటికి 17 వేలకు పైగా ఉన్న గ్రామాల్లో 6,600 పైచిలుకు గ్రామాల్లోనే ప్రక్రియ పూర్తయింది. అంటే లక్ష్యంలో 40 శాతం లోపే. అదే ఏడాది ఆ గ్రామాల్లో సభలు పెట్టగా రెండున్నర లక్షలకు పైగా ఫిర్యాదులు వచ్చాయి. సగటున ఊరికి సుమారు 40. విస్తీర్ణం తగ్గిందని, హద్దు జరిగిందని, పక్కవారి పేరు తమ భూమిలో చేరిందని వచ్చినవే వీటిలో ఎక్కువ. డ్రోన్ ఫొటో తప్పు తీసిందని చెప్పగలిగిన ఫిర్యాదులు వాటిలో ఎన్ని ఉంటాయన్నది ఆలోచించదగ్గ విషయం.

మూడు వేల ఎకరాల ఊరికి ఎంత పని?

కోయిలకుంట్ల, ఆళ్లగడ్డ ప్రాంతాల్లో మూడు వేల ఎకరాల విస్తీర్ణం గల రెవెన్యూ గ్రామం పెద్ద వింతేమీ కాదు. అటువంటి గ్రామాన్ని ఉదాహరణగా తీసుకుని లెక్క వేస్తే పని స్వరూపం స్పష్టమవుతుంది.

డ్రోన్ నిబంధనల ప్రకారం సాధారణ ప్రాంతాల్లో 120 మీటర్ల ఎత్తు వరకే ఎగరవచ్చు. ఆ ఎత్తు నుంచి, నేలపై మూడు సెంటీమీటర్లు ఫొటోలో ఒక చుక్కగా కనిపించేలా తీసే కెమెరా ఒక్కో ఫొటోలో సుమారు 180 మీటర్ల వెడల్పు, 120 మీటర్ల పొడవు గల నేలను పడుతుంది. ఫొటోల పక్కన ఫొటోలు అతికిస్తే పటం కాదు. ఒకే గట్టును వేర్వేరు కోణాల నుంచి చూసినప్పుడే దాని స్థానం, ఎత్తు లెక్కకు అందుతాయి. మనిషికి రెండు కళ్లు ఉండటం వల్ల దూరం తెలిసినట్లే ఇదీ. ఫొటోగ్రామెట్రీగా పిలిచే విధానమంతా ఈ సూత్రం మీదే నిలబడింది. అందుకే ముందు ఫొటోలోని 80 శాతం నేల తర్వాతి ఫొటోలో, పక్క వరుసలోని 70 శాతం నేల ఈ వరుసలో మళ్లీ పడేలా తీస్తారు.

ఈ లెక్కన ఒక్కో ఫొటో కొత్తగా పట్టేది ఎకరాలో మూడో వంతు మాత్రమే. మూడు వేల ఎకరాలకు తొమ్మిది వేలకు పైగా ఫొటోలు కావాలి. డ్రోన్ వరుసలన్నీ కలిపితే 225 కిలోమీటర్లు. నంద్యాల నుంచి ఆళ్లగడ్డకు రెండు సార్లకు పైగా పోయి వచ్చినంత దూరం. సెకనుకు 15 మీటర్ల వేగంతో వెళ్లే డ్రోన్‌కు ఇది నాలుగు గంటల పైచిలుకు పని. మలుపులు, బ్యాటరీల మార్పిడి, గాలి వీచినప్పుడు ఆగడం కలుపుకొంటే ఒకటిన్నర, రెండు రోజులు. నీడలు పొడుగ్గా పడే ఉదయం, సాయంత్రం వేళల్లో తీసిన ఫొటోల్లో గట్లు సరిగా తేలవు కనుక పనికొచ్చే సమయం నడి పొద్దు మాత్రమే.

ఎగరడానికి ముందు కూడా పని ఉంది. బేస్ స్టేషన్‌తో అనుసంధానమై స్థానాన్ని సెంటీమీటర్లలో చెప్పే రోవర్ పరికరంతో నేలపై నియంత్రణ బిందువులు గుర్తించాలి. అవి ఫొటోలో కనిపించేలా గుర్తులు వేయాలి. 2020 ఏప్రిల్‌లో కేంద్రం ప్రారంభించిన స్వామిత్వ పథకంలో గ్రామకంఠాల కొలతకు ఇంటింటి హద్దు మీద సున్నం గీతలు గీసిన తర్వాతే డ్రోన్ ఎగరేశారు. సున్నం గీత దగ్గరే ఇరుగుపొరుగుల తగాదా బయటపడుతుంది. అది తేలాకే గీత పడుతుంది. నిజానికి కొలత అక్కడే మొదలైంది, పైన కాదు.

ఒక్కో ఫొటో 20 మెగాబైట్లు అనుకుంటే మన ఉదాహరణ గ్రామం ఫొటోలు 180 గిగాబైట్లు దాటుతాయి. నేలపై ప్రతి బిందువూ పదిహేను ఫొటోల దాకా కనిపిస్తుంది. వాటన్నింటిలో ఆ బిందువును పోల్చి, కెమెరా ఏ క్షణాన ఎక్కడుందో, ఎటు వంగి ఉందో రాబట్టి, నేల ఎత్తుపల్లాలను సవరించి ఒకే చిత్రపటంగా కూర్చడం కంప్యూటర్ పని. పూర్వం ఇదే పనిని స్టీరియో యంత్రాల ముందు కూర్చుని నిపుణులు కళ్లతో చేసేవారు. ఒక్కో షీటుకు వారాలు పట్టేది. ఇప్పుడు అది కొన్ని రోజులకు తగ్గింది. సాంకేతికత నిజంగా ఆదా చేసిన సమయం ఇక్కడే.

ఇలా తయారయ్యేదే ఓఆర్‌ఐ. అందులో గట్టు కనిపిస్తుంది, బాట కనిపిస్తుంది, బోరు షెడ్డు కనిపిస్తుంది. ఆ గట్టు ఎవరిదో కనిపించదు.

అసలు పని ఇక్కడి నుంచే

పటం ఊరికి చేరాక గ్రామ సర్వేయర్, వీఆర్వో ప్రతి చేను వద్దకు వెళ్లి రైతును నిలబెట్టి, పటంలోని గీత నేల మీది హద్దుతో సరిపోతోందో లేదో చూడాలి. కనిపించని చోట రోవర్‌తో బిందువులు తీసుకోవాలి. రెండడుగుల వెడల్పు గెనిమ ఉంటే హద్దు దాని నడిమధ్యనా, ఈ అంచునా, ఆ అంచునా అన్నది ఇద్దరు రైతులు ఒప్పుకోవాలి. ఫొటో ఎంత స్పష్టంగా ఉన్నా ఈ మాట చెప్పలేదు. 200 మీటర్ల పొడవు గెనిమ మీద గీత అర మీటరు అటూ ఇటూ జరిగితే వంద చదరపు మీటర్లు, అంటే రెండున్నర సెంట్లు చేతులు మారతాయి. మాగాణిలో రెండున్నర సెంట్ల కోసం అన్నదమ్ములు మాట్లాడుకోవడం మానేసిన ఇళ్లు ప్రతి ఊళ్లోనూ ఉంటాయి.

ఒక బృందం రోజుకు 20 ఎకరాలు నిదానంగా చూడగలదనుకుంటే మూడు వేల ఎకరాలకు 150 రోజులు. రెండు బృందాలైతే 75 రోజులు, నాలుగైతే 38 రోజులు. గాల్లో నాలుగు గంటల పనికి నేలపై ఇంత శ్రమ జత కావాలి. ఇది హద్దుల పరిశీలనకే. పటం మీద గీతలు గీయడం, పాత రికార్డులోని విస్తీర్ణంతో సరిచూడడం, ముసాయిదా ప్రకటన, నోటీసులు, అభ్యంతరాల విచారణ వేరు.

నోటీసుల సంగతే చూస్తే, రాష్ట్రంలో సగటు కమతం హెక్టారు లోపే. 2015-16 వ్యవసాయ గణన ప్రకారం 0.94 హెక్టార్లు. ఆ సగటున మూడు వేల ఎకరాల ఊళ్లో సుమారు 1,300 కమతాలు. సర్వే, సరిహద్దుల చట్టం 9(2) సెక్షన్ కింద నోటీసు ప్రతి హక్కుదారుకూ చేరాలి. ఊళ్లో ఉన్నవారికి ఇంటి వద్దే ఇవ్వవచ్చు. బెంగళూరు, హైదరాబాద్, గల్ఫ్ దేశాలకు బతుకుతెరువు కోసం వెళ్లినవారికి, తండ్రి పేరిటే భూమి ఉండి ముగ్గురు కొడుకులు మూడు చోట్ల ఉన్న కుటుంబాలకు ఎవరు చేరవేయాలి? పండగకు ఇంటికొచ్చాక గానీ చేను నంబరు మారిందని తెలియని వారికి ఫొటో స్పష్టత వల్ల ఒరిగేదేమీ లేదు.

ఒక్కో నేలది ఒక్కో తీరు

రాష్ట్రమంతటికీ ఒకే గడువు పెట్టినా నేల అలా ఒప్పుకోదు. కేసీ కాలువ ఆయకట్టు కింద నంద్యాల, గోస్పాడు వైపు వరి మడులకు నికరమైన గట్లుంటాయి. ఫొటోలో గీతలు గీసినట్లు కనిపిస్తాయి. ఇక్కడ పని వేగంగా సాగుతుంది, నారు పడక ముందో, కోత అయ్యాకో ఫొటో తీస్తే.

కోయిలకుంట్ల, ఉయ్యాలవాడ, దొర్నిపాడు వైపు నల్లరేగడి చేలలో పరిస్థితి వేరు. శనగ, జొన్న వేసే ఈ మెట్ట చేలలో చాలాచోట్ల చెప్పుకోదగ్గ గెనిమే ఉండదు. ఏటా దుక్కి దున్నుతూ ఇటు ఒక సాలు, అటు ఒక సాలు కలుపుకొంటూ పోయిన చోట్ల ఫొటోలో కనిపించేది ఒకే నల్లటి పరుపు. పాత రాళ్ల ఆనవాలు వెతకాలి. రేగడి వానకు ఉబ్బి, ఎండకు బెత్తెడు నెర్రెలు విచ్చుకుంటుంది. ఆ కదలికకు పాతిన రాయి ఏళ్లు గడిచేకొద్దీ ఒరిగిపోతుంది, కొన్ని దిగబడిపోతాయి. అడ్డమొచ్చిందని నాగలి పట్టినవారే పెకలించి గట్టున పడేసినవీ ఉంటాయి. ఇక్కడ డ్రోన్ సాయం తక్కువ, రోవర్ పట్టుకుని నడిచే మనిషి పని ఎక్కువ.

ఆళ్లగడ్డ, రుద్రవరం, శిరివెళ్ల మండలాల్లో అరటి తోటలు, పసుపు చేలు మరో చిక్కు. అరటి గెలలు దించే దశలో ఆకులు హద్దులను పూర్తిగా కప్పేస్తాయి. పైనుంచి చూస్తే నాలుగు తోటలు ఒకే పచ్చటి గుడ్డలా ఉంటాయి. తూర్పున నల్లమల అంచుకు చేరేసరికి చెట్ల నీడ కింద ఉపగ్రహ సంకేతాలు, కొండ చాటున మొబైల్ సిగ్నల్ రెండూ బలహీనపడతాయి. బేస్ స్టేషన్ నుంచి సవరణలు మొబైల్ నెట్‌వర్క్ ద్వారానే అందాలి కనుక సిగ్నల్ లేని చోట రోవర్ ఉన్నా లేనట్టే. అటవీ హద్దు, రెవెన్యూ హద్దు కలిసే చోట రెండు శాఖల సిబ్బంది ఒకేరోజు గట్టు మీదకు రావాలి. ఫొటోకు కావాల్సిన రోజు కన్నా ఈ ఉమ్మడి రోజు దొరకడమే కష్టం.

పల్లెలకు ఒక రోజు లెక్క కట్టి, ఆళ్లగడ్డ వంటి పట్టణాలకూ అదే వర్తింపజేయలేరు. మిద్దెల చూరులు, పక్కపక్క గోడలు పైనుంచి ఒకటిగానే కనిపిస్తాయి. పట్టణ భూముల సర్వే కోసం కేంద్రం 2025 ఫిబ్రవరిలో నక్ష పేరిట దేశవ్యాప్తంగా 152 పట్టణాల్లో ప్రయోగాత్మక కార్యక్రమం చేపట్టడానికి ఇదీ ఒక కారణం.

గొలుసు కాలం కన్నా ఏం మారింది?

ఈ నేలకు కొలత కొత్త కాదు. 1800లో నిజాం నుంచి ఈస్టిండియా కంపెనీకి దత్తమైన ప్రాంతాల్లో కోయిలకుంట్ల ఒకటి. నంద్యాల వైపు 1839 వరకు కర్నూలు నవాబు ఏలుబడిలోనే ఉంది. దత్త మండలాలకు ప్రిన్సిపల్ కలెక్టర్‌గా వచ్చిన థామస్ మన్రో 1802లో చేను చేనూ కొలిపించడం మొదలుపెట్టాడు. 33 అడుగుల గొలుసు ఆనాటి సాధనం. ఆ గొలుసు పొడవూ వెడల్పూ ఒక గుంట, అటువంటివి 40 అయితే ఎకరా. ఏళ్ల తరబడి సాగిన ఆ పనిలో గొలుసు పట్టినవారు ప్రతి చేనునూ తొక్కారు. తర్వాతి కాలపు సర్వేల్లో వచ్చిన క్షేత్ర కొలతల పుస్తకాలు, రీసెటిల్‌మెంట్ రిజిస్టర్లే నేటికీ తగాదా వచ్చినప్పుడు తెరిచే ఆధారాలు.

గొలుసు సాగుతుంది, ఎండకు వ్యాకోచిస్తుంది, పట్టుకునేవాడు వదులుగా పడితే కొలత మారుతుంది. డ్రోన్ ఈ లోపాలను తీసేసింది. కానీ గొలుసు పట్టినవాడు చేను దగ్గర రైతును చూసేవాడు. డ్రోన్ ఆ అవసరాన్ని తీర్చదు. పని నుంచి గొలుసును తీసేస్తూ దానితో పాటు ఆ మనిషికిచ్చిన రోజులనూ తీసేయడంతోనే చిక్కు వచ్చింది.

ఉమ్మడి రాష్ట్రంలో ఇటువంటి అనుభవం ముందే ఉంది. 2000వ దశకంలో నిజామాబాద్ జిల్లాలో భూభారతి పేరుతో ఆధునిక పరికరాలతో భూముల సర్వే ప్రయోగం జరిగింది. తెలంగాణలో ఇప్పుడున్న అదే పేరు గల చట్టానికి, దానికి సంబంధం లేదు. ఆ ప్రయోగం రాష్ట్రమంతటా విస్తరించకుండానే ఆగింది. పరికరాల కొరత కారణం కాదు. పాత రికార్డుకు, కొత్త కొలతకు మధ్య తేడా వచ్చిన ప్రతి చోటా ఎవరో ఒకరు కూర్చుని తేల్చాల్సి ఉంటుంది. ఆ పనికి యంత్రం లేదు.

తొందరకు మూల్యం

రీసర్వేలో పాత సర్వే నంబర్ల స్థానంలో ఎల్‌పీఎం నంబర్లు వచ్చాయి. సమయం చాలక పోయిన చోట్ల పక్కపక్క రైతుల భూములను విడగొట్టకుండా ఒకే ఎల్‌పీఎం కింద ఉమ్మడిగా చూపారు. చేను వద్ద హద్దులు ఎవరికి వారికి ఉన్నాయి, కాగితం మీద మాత్రం నలుగురూ ఉమ్మడి యజమానులు. ఒకరు అమ్ముకోవాలన్నా, బ్యాంకులో తాకట్టు పెట్టాలన్నా మిగతావారితో ముడిపడింది. ఆకాశం నుంచి అయిదు సెంటీమీటర్ల కచ్చితత్వంతో తీసిన ఫొటో చేతిలో ఉండగానే ఇలా జరిగింది. విడగొట్టాలంటే మళ్లీ సర్వేయర్ గట్టు మీదకు రావాల్సిందే. అంటే మొదట మిగుల్చుకున్న రోజులు రెండింతలై తిరిగొచ్చాయి.

న్యాయపరమైన గడియారం మరోటి ఉంది. సర్వే పూర్తయినట్లు 13వ సెక్షన్ కింద ప్రకటన వెలువడితే, దానిపై సివిల్ కోర్టుకు వెళ్లడానికి 14వ సెక్షన్ మూడేళ్ల గడువే ఇస్తోంది. ప్రకటన వచ్చిందన్న సంగతే తెలియని వలస రైతుకు ఆ మూడేళ్లు తెలియకుండానే గడిచిపోతాయి. రీసర్వే ఆధారంగా హక్కుకు పూచీ ఇస్తామంటూ తెచ్చిన భూ యాజమాన్య హక్కుల చట్టంపై అంత వ్యతిరేకత రావడానికి, 2024లో అది రద్దు కావడానికి రాజకీయ కారణాలు ఎన్ని ఉన్నా, గట్టు మీద తేలని కొలతపై పూచీ ఏమిటన్న అనుమానం పల్లెల్లో గట్టిగానే పనిచేసింది.

2025 జనవరి 20 నుంచి మండలానికి ఒక గ్రామం చొప్పున ప్రయోగాత్మకంగా రీసర్వే తిరిగి చేపట్టారు. గ్రామాన్ని 200 నుంచి 250 ఎకరాల బ్లాకులుగా విభజించి, ఒక్కో బ్లాకుకు సర్వేయర్లు, వీఆర్వోతో కూడిన బృందాన్ని కేటాయించే పద్ధతి తెచ్చారు. భూ యజమాని సమక్షంలోనే కొలత జరగాలన్నది ఇందులో కీలకం. ఎగిరే వేగాన్ని బట్టి కాకుండా నడిచే వేగాన్ని బట్టి పనిని కొలవడం ఇదే మొదలు అనవచ్చు.

అయితే లెక్క మారదు. మన ఉదాహరణ గ్రామంలో ఇటువంటి బ్లాకులు 12. రోజుకు 20 ఎకరాల చొప్పున ఒక్కో బ్లాకు 13 రోజులు. పన్నెండు బృందాలు ఒకేసారి దిగితే రెండు వారాల్లో ముగుస్తుంది. బృందానికి ఇద్దరు సర్వేయర్లనుకుంటే 24 మంది కావాలి. అంతమందిని ఒకే ఊరికి తేవాలంటే చుట్టుపక్కల మండలాల సచివాలయాలు ఖాళీ కావాలి. అక్కడ రోజువారీ సబ్ డివిజన్లు, హద్దుల కొలత దరఖాస్తులు ఆగాలి. తేలేకపోతే రెండు వారాలు నెలలవుతాయి. ఓర్వకల్లు వద్ద డ్రోన్ సిటీకి ప్రభుత్వం సంకల్పించింది, రేపు డ్రోన్లు ఎన్నయినా దొరకవచ్చు. రోవర్ పట్టుకునే సర్వేయర్ మాత్రం ఒక రోజులో రెండు గట్ల మీద నిలబడలేడు.

దీనికి తోడు క్యాలెండర్. నైరుతి గాలులు జోరుగా వీచే జూన్ నుంచి ఆగస్టు దాకా డ్రోన్‌కు అనుకూలం కాదు. కాలువ నీళ్లు వదిలి నాట్లు పడ్డాక డిసెంబరు దాకా ఆయకట్టులో గట్లు దిగి నడవడం కష్టం, రైతూ ఒప్పుకోడు. మెట్టలో శనగ కోతలు ఫిబ్రవరికి గానీ ముగియవు. అన్ని నేలలూ ఖాళీగా ఉండి, ఫొటోలో హద్దు తేటగా కనిపించే కాలం మార్చి నుంచి మే చివరి వరకు. ఆ మూడు నెలల్లోనూ మధ్యాహ్నం పూట గట్టు మీద మనిషి నిలవలేని ఎండ. ఉదయం ఆరు నుంచి పదిన్నర వరకు, సాయంత్రం నాలుగు తర్వాత కొంతసేపు మాత్రమే సిబ్బందికీ రైతుకూ వీలవుతుంది. ఫొటోకు నడి పొద్దు కావాలి, మనిషికి పొద్దు వాలాలి. ఏడాదికి చేతికందే ఆ తొంభై రోజుల్లో జిల్లాలోని ఒక్కో మండలంలో ఎన్ని ఊళ్లు గట్టు మీద తేల్చగలరో ముందు లెక్క కట్టి, ఆ తర్వాత గడువు ప్రకటించే పద్ధతి ఇంకా రాలేదు.